ముప్పై ఎకరాల కప్పు

మిరపకాయల తొడిమలు తీస్తున్న చేత్తో ఫోన్ ముట్టుకుంటే, తర్వాత ఆ ఫోన్ ముఖానికి తగిలి పొద్దుపోయేదాకా మంటే. అందుకే కల్లంలో అది టింగుమంటే మా ఆయన శ్యామ్ సుందరే తీసి చదివాడు. "బిందూ, నీకు ఉద్యోగం వచ్చింది! బెంగుళూరు, విమానాల ఫ్యాక్టరీ!" లేచి నిలబడ్డాను. ఏం చేయాలో తెలియక మళ్ళీ కూర్చున్నాను. పెళ్ళయి నలభై రోజులు. బీటెక్ అవగానే రాసిన పరీక్ష అది, మర్చిపోయాను కూడా.

ఫ్యాక్టరీ ఫొటో కూడా పంపారు. శ్యామ్ ఫోన్ పట్టుకుంటే ముఖం దగ్గరగా పెట్టి చూశాను. లోపల విమానం ఆటబొమ్మలా ఉంది, రెక్క కింద మనుషులు మిరప గింజలంత. ఒకే కప్పు, ముప్పై ఎకరాలట.

మామయ్య గోతం వదిలేసి వచ్చారు. "మన చేను మూడెకరాలు. అంటే పది చేల మీద ఒకటే కప్పా! దాంట్లో కాయ ఆరబోస్తే వానొచ్చినా టార్పాలిన్ పట్టాల కోసం పరిగెత్తే పన్లేదురా!" అని మురిసిపోయారు. అత్తయ్య మాత్రం చాలాసేపు చూసి, "అంత కొట్టం ఊడ్చేదెవరమ్మాయ్?" అన్నారు.

నవ్వొచ్చింది, వెంటనే ఎటో పోయింది. శ్యామ్‌ చేత ఉత్తరం కిందికి జరిపిస్తూ బయటికి చదివితే, అదీ ఉంది. డ్యూటీ దిగేముందు ఎవరి చోటు వాళ్ళే ఊడవాలి, చిన్న మేకు మిగిలినా విమానానికి ప్రమాదం.

"మగాళ్ళు కూడానా?"

"అందరూ, అత్తయ్యా."

ఆమె మళ్ళీ కాయల మీదికి వంగారు.

"నీ ఇష్టం బిందూ" అన్నాడు శ్యామ్. ఎంత ముద్దొచ్చాడో! అంతలోనే, "అమ్మకి మోకాళ్ళు అరిగినయ్. ఇంకా రెండు కోతలున్నయ్, కూలోళ్ళు దొరకట్లా. అయినా నీ ఇష్టమే" అన్నాడు. నా ముక్కు మీద చెమట తన తువ్వాలుతో తుడిచేది ఇతనే. "మా ఆవిడొచ్చాక ఒక కూలి మిగిలింది" అని స్నేహితుడితో నవ్విందీ ఇతనే. వీళ్ళిద్దరిలో ఎవరికి జవాబు చెప్పాలి? నాది సంతోషమో, భయమో తెలియడం లేదు. అంత కప్పు కింద నేను ఎవరికీ కనబడను. ఈ మూడు గదుల ఇంట్లో మాత్రం నన్నెవరూ వెతకరు, వంటింట్లోనో కల్లంలోనో ఉంటానని అందరికీ తెలుసు. రెంటిలో ఎక్కడ నేను చిన్నదాన్ని?

"నా మోకాళ్ళని దీంట్లోకి లాగమాకరా" అన్నారు అత్తయ్య, తలెత్తకుండానే. "నన్ను అడిగి అరిగినయ్యా అవి?"

శ్యామ్ నా వైపు చూశాడు. నాకింకా గందరగోళంగానే ఉంది. అయినా మాట వచ్చేసింది.

"రేపు మొదటి బస్సుకు గుంటూరు వెళ్తున్నాను. ఉద్యోగంలో చేరాలంటే డాక్టర్ సర్టిఫికెట్ కావాలట. వెళ్ళనా అని అడగట్లేదండీ, వెళ్తున్నానని చెబుతున్నా."