రెండు వందల కిలోల ఇల్లు

నేను ఒక కొక్కెం కాటాను. గుండ్రని ముఖం, మధ్యలో ఒక ఎర్రటి ముల్లు, నెత్తిన రింగు, కింద కొక్కెం. ఇంతకు మించి నాకు అవయవాలు లేవు. లోపల ఒక స్ప్రింగు ఉంది. ఎంత లాగితే అంత సాగుతుంది, వదిలితే మళ్ళీ మొదటికి వస్తుంది. నా తెలివితేటలన్నీ అంతే. లాగినదానికన్నా ఎక్కువ సాగడం, వదిలేశాక కూడా ముడుచుకోకపోవడం మనుషుల్లో చాలాసార్లు చూశాను గాని, నాలో అలాంటిది కనిపిస్తే చెడిపోయానంటారు.

ఒక రేకుల షెడ్డులో నాలాంటి వాళ్ళం నాలుగు వందల మందిమి ఒకే పూట పుట్టాం. జాతకం రాయిస్తే అందరిదీ ఒకటే అయ్యుండాలి. అయినా ఒకడు చేపల రేవుకు పోయాడు, ఒకడు పత్తి మిల్లుకు పోయాడు, నేను తెనాలిలో పాత ఇనుము కొనే మస్తాన్ వలి కొట్టుకు చేరాను. గ్రహాలకు మా అడ్రసులు అందలేదేమో.

మస్తాన్ మంచివాడే గాని, అతనికి ఒక చిన్న అలవాటు ఉండేది. ఎవరైనా గోనెసంచిలో ఇనుము తెస్తే నా కొక్కేనికి తగిలించి, వచ్చిన అంకెలోంచి సంచి బరువు కింద రెండు కిలోలు తీసేసేవాడు. ఒకరోజు తూనికలు కొలతల శాఖ ఇన్‌స్పెక్టరు మార్కండేయులుగారు వచ్చారు. ఖాళీ సంచిని మడిచి నాకు తగిలించారు. తొమ్మిది వందల గ్రాములు.

"మస్తానూ, సంచి వేరు, సరుకు వేరు. సంచి ఎంతుంటే అంతే తీసెయ్. గ్రాము ఎక్కువ తీసినా ఊరుకోను" అని జరిమానా రాసి వెళ్ళారు.

ఆయన దేవుణ్ణి నమ్మరు, ముహూర్తాలు చూడరు. అయినా 'సంచి వేరు, సరుకు వేరు' అన్న ఒక్క మాటను మాత్రం ముప్పయ్యేళ్ళు మంత్రంలా జపించారు. అట్టపెట్టెతో కలిపి మిఠాయి తూచిన కొట్లమీదా, సిలిండర్ ఇనుముకు లెక్క చెప్పని గ్యాసు బండ్లమీదా ఆ మంత్రమే ప్రయోగించారు. ఊరికి దానివల్ల మేలు జరిగిందనడానికి నేనే సాక్షిని.

తరవాత ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చాయి. నేను మేకుకు వేలాడుతూ దుమ్ము తిన్నాను. అలాంటి రోజుల్లో మార్కండేయులుగారు మళ్ళీ వచ్చారు, ఈసారి కొనుక్కోవడానికి. మస్తాన్ నన్ను ఎలక్ట్రానిక్ కాటా మీద పడుకోబెట్టి, నాలుగు కిలోలని తేల్చి, ఇనుము ధరకే అమ్మాడు. జీవితమంతా ఇతరుల బరువు చెప్పిన నాకు నా బరువు తెలిసింది ఆ రోజే.

ఆయన నన్ను కొన్నది ఇల్లు ఖాళీ చేయడానికి. వయసు యాభై నాలుగు, ఇంకా సర్వీసు ఉంది. అయినా స్వచ్ఛందంగా విరమించుకున్నారు. ఆయన భార్య హైమవతిగారు ఉన్నత పాఠశాలలో సైన్సు టీచరు. ఆమె అంతకు రెండు నెలల ముందే ఆ పని చేశారు. కారణం ఆమె కళ్ళు. జబ్బేమీ కాదు. వయసు పెరిగేకొద్దీ చీకట్లో కంటిపాప విప్పారడం తగ్గుతుంది, సన్నని వెలుతురు లోపలికి రాదు. ఆ సంగతి పిల్లలకు పాతికేళ్ళు పాఠం చెప్పి, ఒకనాడు తనకూ అది వర్తిస్తుందని ఆమె గుర్తించారు. ఎనిమిది అంగుళాల గాజు బిళ్ళను మూడు వేసవులు చేత్తో అరగదీసి అద్దం చేసి, టెలిస్కోపు కట్టుకున్న మనిషి ఆమె. తెనాలి వీధిదీపాల కింద అందులోంచి చంద్రుడూ గ్రహాలూ తప్ప గట్టిగా ఏమీ కనిపించేది కాదు.

"అరవై దాటాక తీరిక దొరుకుతుంది గాని, అప్పటికి నా కళ్ళకు తీరిక ఉండదండీ" అన్నారామె.

అలా పన్నెండు సీట్ల పాత వ్యాను ఒకటి కొని, సీట్లు పీకించి, మంచమూ పొయ్యీ నీళ్ళ ట్యాంకూ పెట్టించారు. ఇల్లు అద్దెకిచ్చి, ఇక ఏడాదంతా అందులోనే బతకాలన్నది పథకం. నెలకు ముప్పై అయిదు వేలు దాటకూడదు. మార్కండేయులుగారు క్యాలెండరు వెనక పద్దు రాశారు: డీజిలు తొమ్మిది వేలు, అంటే సగటున రోజుకు ముప్పై కిలోమీటర్లు; తిండి పది వేలు; బండి మరమ్మతుకు అయిదు; అలా దిగుతూ వెళ్ళి, చివర అనుకోని ఖర్చు రెండు వేల మూడు వందలు.

"అనుకోనిదాన్ని మూడు వందల దాకా ఎలా అనుకున్నారండీ?" అన్నారు హైమవతిగారు.

"సరాసరి తీశాను" అన్నారాయన గంభీరంగా.

డబ్బు లెక్క కుదిరింది. బరువు లెక్క కుదరాల్సి ఉంది. వాళ్ళిద్దరూ, నిండిన ట్యాంకూ, మంచమూ పోను సామాను రెండు వందల కిలోలు దాటితే ఆ పాత ఇరుసు తట్టుకోదని బండి కట్టిన మేస్త్రి ఖరాఖండిగా చెప్పాడు. ఉమ్మడికి నూట ఇరవై, తలా నలభై అని మార్కండేయులుగారు వాటాలు వేశారు. నన్ను వసారా దూలానికి కట్టారు. ఇరవయ్యెనిమిదేళ్ళ సంసారం ఒక్కొక్కటిగా నా కొక్కెం మీదికి వచ్చింది.

ఆ మూడు వారాల్లో నేను నేర్చుకున్నంత ఎప్పుడూ నేర్చుకోలేదు. గృహప్రవేశానికి వచ్చిన గోడ గడియారాలు పదకొండు. అన్నీ వేరువేరు టైములు చూపిస్తున్నాయి. స్టీలు గ్లాసులు ముప్పై నాలుగు. ఇంట్లో మనుషులు ఇద్దరు. ఎవరో పెళ్ళికి ఇచ్చిన ఇత్తడి నెమలి తగిలించినప్పుడు నా ముల్లు రెండున్నర దగ్గరే ఆగింది గాని, హైమవతిగారు చాలాసేపు కదల్లేదు. నేను చూపించేది భూమి లాగుడు ఒక్కటే. మిగతా లాగుళ్ళకు నా ముఖం మీద గీతలు లేవు.

టెలిస్కోపు ముప్పై రెండు కిలోలు తూగింది. "నీ వాటాలో ఎనిమిది మిగులుతాయి హైమా. బట్టలు, మందులు, పుస్తకాలు అన్నీ అందులోనే" అన్నారాయన. ఆమె టెలిస్కోపు వెనక ఉన్న టేకు పలక తీసేసి పల్చటి ప్లైవుడ్ బిగించారు, ఇరవయ్యెనిమిదికి వచ్చింది. చీరలు ఆరుకు తగ్గించారు. అన్నీ కలిపి ముప్పై తొమ్మిదిన్నర. అరకిలో మిగిలిందని పల్లీ చిక్కీ పెట్టుకున్నారు.

బయల్దేరే ఉదయం ఎనిమిది గంటలకు మస్తాన్ కొట్టు దగ్గర ఆగారు. మస్తాన్ ఇప్పుడు పెద్దవాడు. కొట్టు వెనక లారీ కాటా కూడా పెట్టించాడు. సామాను ఎక్కించక ముందు, ఇద్దరూ కూర్చుని ట్యాంకు నింపి వ్యానును ఒకసారి అక్కడే తూయించారు. ఇప్పుడు సామానుతో తూయిస్తే తేడా సరిగ్గా రెండు వందలు రావాలి.

మూడు వందల ముప్పై వచ్చింది.

మార్కండేయులుగారు వ్యాను దిగి, ముప్పయ్యేళ్ళ సర్వీసు ఏం చెయ్యమందో అదే చేశారు. "మస్తానూ, నీ కాటా తప్పు."

"పోయిన నెలే ముద్ర ఏశారు సార్. మీ శాఖోళ్ళే. కాయితం చూపించమంటారా?"

కాయితం చూశారు. తేదీ చూశారు. సంతకం ఎవరిదో కూడా చూశారు. ఆ తరవాత ఆయన చూపు, వ్యానులో సామానుతోపాటు వచ్చిన నా మీద పడింది. మస్తాన్ దగ్గర ఇరవై కిలోల ముద్ర రాయి తెప్పించి నాకు తగిలించారు. నా ముల్లు ఇరవై మీద గీత గీసినట్టు నిలబడింది. అంత గర్వం నాకు అంతకు ముందెప్పుడూ కలగలేదు. కానీ దానివల్ల ఆయన సమస్య పెద్దదైంది.

నూట ముప్పై కిలోలు ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలియలేదు. ఎక్కడో ఒకచోట దించాలి. ఆయన వ్యానులోకి చూశారు. అన్నిటికన్నా పెద్దగా, పొడుగ్గా ఉండి, వంటకూ కప్పుకోవడానికీ పనికిరానిది ఒకటే ఉంది.

"హైమా..." అన్నారు.

ఆమె వెళ్ళి టెలిస్కోపుకు చుట్టిన దుప్పటి మీద చెయ్యి పెట్టారు. "దీన్ని దించితే మనం ఎందుకు బయల్దేరుతున్నామో నాకొకసారి చెప్పండి" అన్నారు.

మస్తాన్ టీ తెప్పించాడు. టీ తాగుతూ హైమవతిగారు లోపలికి ఎక్కి ఒక స్టీలు డబ్బా పట్టుకున్నారు.

"ఇది ఎంత రాశారు?"

"బియ్యం, పది."

"డబ్బా?"

ఆయన పద్దు తిరగేసి చూశారు.

"ఆవకాయ?"

"నాలుగు... జాడీ కాకుండా."

"గ్యాసు?"

"అయిదు కిలోలు."

"సిలిండరు ఇనుము కాదాండీ? మీ పుస్తకాల ట్రంకుపెట్టె అట్టపెట్టా?"

మస్తాన్ చేతిలో టీ ఒలికింది. "సంచి వేరు, సరుకు వేరని నా చేత జరిమానా కట్టించారు గదా సార్! లారీ కాటాకి ఆ సంగతి తెలవదు. దాని మీద సంచీ తూగుద్ది, సరుకూ తూగుద్ది, మీరూ తూగుతారు!"

మార్కండేయులుగారు మొదట ముఖం ఎర్రగా చేసుకున్నారు. తరవాత అక్కడే ఇనుప కుప్ప మీద కూర్చుని కళ్ళమ్మట నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. ప్రతి వస్తువునూ నాకు తగిలించి, వచ్చిన అంకెలోంచి దాని డబ్బా బరువు తీసేసినప్పుడు అదేదో కొత్త పద్ధతి అనుకున్నాను గాని, నాకు మాత్రం అడిగే నోరెక్కడిది?

పని మొదలైంది. బియ్యం, పప్పులు గుడ్డ సంచుల్లోకి, ఆవకాయ ప్లాస్టిక్ సీసాల్లోకి, పుస్తకాలు అట్టపెట్టెల్లోకి మారాయి. డబ్బాలూ, జాడీ, ట్రంకుపెట్టెలూ మస్తాన్ కొట్లో దిగిపోయాయి. వ్యానును మళ్ళీ కాటా ఎక్కించారు. ఇంకా డెబ్బై ఎక్కువ.

మంచం కింద వెతుకుతున్న మస్తాన్ గొంతు వినిపించింది. "ఇదేంది సార్, కదలట్లేదు?"

అది టేకు పెట్టె. వీడ్కోలు సభలో శాఖవాళ్ళు ఇచ్చిన తూకపు రాళ్ళు, ఇత్తడివి, యాభై గ్రాముల నుంచి ఇరవై కిలోల దాకా. పెట్టెతో కలిపి నలభై రెండు కిలోలు.

"ఇది పద్దులో లేదే?" అన్నారు హైమవతిగారు.

"అవి తూకపు రాళ్ళు హైమా. తూచేవి. తూగేవి కావు" అన్నారాయన. అన్నాక ఆ మాట తనకే వినిపించినట్టుంది.

ఆమె నవ్వలేదు. ఆయన ఆ పెట్టె ఎదుట ఎలా నిలబడ్డారో, ఇత్తడి నెమలి ఎదుట తాను అలాగే నిలబడ్డ సంగతి ఆమెకు గుర్తుండి ఉంటుంది. ఆయన మూత తీసి, ఒక రాయిని అరచేతిలో పెట్టుకుని, మళ్ళీ దాని గుంటలో పెట్టి మూత వేశారు.

"టెలిస్కోపు ఉండనీ. ఇది దించు మస్తానూ. ఇనుములో కలపకు."

"కలపను సార్. కొట్లో అద్దాల బీరువాలో పెడతా."

పెట్టెతోపాటు నన్నూ దించారు. నా నాలుగు కిలోలూ పద్దులో లేవు మరి. ఇంకా మిగిలిన ఇరవై నాలుగు కిలోలను హైమవతిగారు తేల్చేశారు. "బియ్యం ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది" అని సంచుల్లోంచి పదిహేను, "ఈ చట్టాలు మీకు కంఠతా వచ్చు" అని ఆయన పుస్తకాల్లోంచి తొమ్మిది. లారీ కాటా ముల్లు లేకుండానే అంకె చూపించింది: సరిగ్గా రెండు వందలు.

నేను ఇనుప కుప్ప మీద పడి ఉన్నాను. పుట్టినచోటికే కరగడానికి వెళ్తానని అనుకున్నాను. భయం లేదు, కాస్త కుతూహలం తప్ప. హైమవతిగారు వ్యాను ఎక్కబోతూ ఆగి వెనక్కి వచ్చారు.

"ప్లైవుడ్ పెట్టాక టెలిస్కోపు గొట్టం ముందుకు తూలుతోందండీ. తోక వైపు నాలుగు కిలోలు తగిలించాలి. ఎక్కడైనా రాయి ఏరుకుందామనుకున్నా గాని, దీనికి రింగుంది."

మార్కండేయులుగారు మారుమాట లేకుండా వ్యానులోకి ఎక్కారు. తన ఇస్త్రీ పెట్టెనూ, తోలు బూట్లనూ రెండు చేతుల్లో ఎత్తి, కాస్త ఆడించి చూశారు. "సరిపోతుంది" అని బయట పెట్టారు.

"తూచకుండానే?" అన్నాడు మస్తాన్, నిజంగానే అదిరిపడి. ఆ అదురులోనే ఒక నిమ్మకాయా మిరపకాయల దండ తెచ్చి బండి ముందు కట్టబోయాడు.

"అది లోపలికివ్వు, మధ్యాహ్నం పప్పులోకి పనికొస్తుంది" అన్నారు హైమవతిగారు.

ఇది జరిగి అయిదు నెలలైంది. ఇప్పుడు నల్లమల అంచున ఆత్మకూరు దాటాక ఒక పల్లె బయట ఆగి ఉన్నాం. నేను టెలిస్కోపు తోకకు వేలాడుతున్నాను. నా కొక్కేనికి ఏమీ తగిలించరు కాబట్టి ముల్లు రోజంతా సున్నా మీదే కూర్చుంటుంది. అరుగు మీది ముసలివాడిలా నాకు వినడమే పని.

నిన్న సాయంత్రం ఆరున్నరకు, పడమటి ఎరుపు ఇంకా ఆరకముందే, ఊరివాళ్ళు వరుస కట్టారు. మొదట వచ్చింది సుంకమ్మ అనే పెద్దావిడ. కన్ను ఆనించి చాలాసేపు తీయలేదు.

"ఉంగరం తొడుక్కోనుండాడే! ఎవురమ్మా ఈయన?"

"శని గ్రహమమ్మా" అన్నారు హైమవతిగారు.

సుంకమ్మ గబుక్కున వెనక్కి జరిగింది. తరవాత ఆమె మెల్లగా మళ్ళీ వంగింది.

"ఈయనకు బయపడి ముప్పై ఏండ్లుగా శనివారం శనివారం నూనె పోస్తాండానమ్మా. ఇంత సక్కగుండాడని ఒక్కరన్నా సెప్పలేదే!"

ముప్పై ఏళ్ళు, ఏడాదికి యాభై రెండు శనివారాలు, వారానికి ఇంత నూనె. మార్కండేయులుగారి పెదవులు కదలడం మొదలైంది. హైమవతిగారు చీకట్లో ఆయన కాలు తొక్కారు. ఆయన లెక్క ఆపేసి, పక్కకు జారిపోతున్న శని మళ్ళీ మధ్యలోకి వచ్చేలా గొట్టాన్ని చేత్తో మెల్లగా జరిపారు. నేను ఒకసారి ఊగి నిలిచాను.

"ఇంగోసారి సూడొచ్చునా?"

"చూడండమ్మా. వెనకవాళ్ళు అయ్యాక మళ్ళీ రండి."

సుంకమ్మ కొంగు నడుముకు దోపుకుని వరుస చివరికి వెళ్ళి నిలబడింది. ఆమెకు ముందు పదకొండు మంది ఉన్నారు. శని కొండ వెనక్కి దిగడానికి ఇంకా చాలా సమయం ఉంది.