యూనిట్ పదిహేడు

బాబాయ్ వర్క్‌షాపు తలుపుకి లోపల్నుంచి గడియ పెట్టినప్పుడే ఆమెకి భయం వేసి ఉండాల్సింది. వెయ్యలేదు. ఆ క్షణంలో ఆమెకి థీసిస్ తప్ప ఇంకేదీ కనబడలేదు.

యూనివర్సిటీలో వ్యాపార చట్టాల మీద పరిశోధన చేసేది ఆమె. చిన్నప్పుడు ఇంట్లో పిల్లల తగువులన్నిటికీ తీర్పులు చెప్పేదని బాబాయ్ ఆమెకి జడ్జమ్మ అని పేరు పెట్టాడు. పేటెంట్ కావాలంటే ముందు గుట్టు విప్పి లోకానికి చెప్పాలి, అప్పుడు కొన్నేళ్ళపాటు ఇంకెవరూ ఆ పద్ధతి వాడకుండా చట్టం కాపలా కాస్తుంది. మరి చిన్న వర్క్‌షాపుల వాళ్ళు ఆ కాపలా వద్దనుకుని, గుట్టుని కడుపులోనే ఎందుకు దాచుకుంటారు? ఇదీ ఆమె ప్రశ్న. పదహారు మందిని కలిసింది. పదహారు మందీ మర్యాదగా కూర్చోబెట్టి, అసలు సంగతి దగ్గరికొచ్చేసరికి టీ తెప్పించి మాట మార్చేశారు. పదిహేడోవాడు బాబాయ్.

నీళ్ళ పంపుల్లో లీకు రాకుండా వేసే రబ్బరు రింగులు చేస్తాడాయన. బజార్లో దొరికేవి ఏడాదికి పగుళ్ళిస్తాయి. ఆయనవి ఏడేళ్ళు చెక్కు చెదరవు. ఎలాగో పనివాళ్ళిద్దరికీ తెలీదు, ఇంట్లో పిన్నికీ తెలీదు. పిన్నికి చెబితే వీధికి చెప్పినట్టేనని ఆయన పిన్ని ముందే అనేవాడు. కాగితం మీద ఒక్క ముక్క రాసుకోలేదు.

ఆ రోజు మెషీన్లు ఆపించి, పనివాళ్ళని భోజనానికి పంపించి, గడియ పెట్టాడు. ఆమె రికార్డరు ఆన్ చేసి బల్ల మీద పెట్టింది.

"సగం ఉడకగానే అచ్చులోంచి తీసేస్తా. తడిగుడ్డలో చుట్టి రెండు రోజులు అలా వదిలేస్తా. నిద్రపుచ్చుతానన్నమాట. నిద్ర లేచాక మళ్ళీ పూర్తిగా ఉడికిస్తా. అంతే!" అని నవ్వాడు. ఆ 'అంతే' పట్టుకోవడానికి పదకొండేళ్ళు పట్టిందట.

తలుపు తీసేముందు ఒక్కటే అడిగాడు. "జడ్జమ్మా, ఇది బయటికి పొక్కదుగా?"

"నీ పేరు ఎక్కడా రాదు బాబాయ్. ఒట్టు."

ఆయన అడిగింది ఒకటి, ఆమె చెప్పింది ఇంకొకటి. ఆ తేడా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఆయనకి తట్టకపోవడంలో వింత లేదు. ఆమె మాత్రం అప్పటికి నాలుగేళ్ళుగా అదే చదువుతోంది.

థీసిస్‌లో బాబాయ్‌ని యూనిట్ పదిహేడు చేసింది. పేరు లేదు, వీధి లేదు, వయసు లేదు. పద్ధతి మాత్రం మూడు పేజీల అనుబంధంగా పూసగుచ్చినట్టు రాసింది. ఉదాహరణ లేకపోతే వాదన చప్పగా ఉందని ఆమె గైడు చెవినిల్లు కట్టుకుని పోరుపెట్టాడు మరి. మొదటి పేజీలో అందరూ పెట్టే సంతకమే పెట్టింది: ఇందులోని విషయమంతా నా సొంత పరిశోధన.

ఆమె ఫెలోషిప్ ఇచ్చేది పంపులు తయారుచేసే ఒక పెద్ద కంపెనీ. లైబ్రరీకి వెళ్ళడానికి నెల ముందు థీసిస్ ప్రతి ఒకటి కంపెనీకి పంపాలి, అందులోని ఫలితాల్ని వాడుకునే మొదటి హక్కు కంపెనీదే. ఫెలోషిప్ పత్రంలో అయిదో పేజీలో ఉందది. అయిదో పేజీ మీదా ఆమె సంతకం ఉంది.

ప్రతి పంపిన వారానికి కంపెనీ నుంచి నీలం టై కట్టుకున్న మనిషి వచ్చాడు. రెండొందల ఎనభై పేజీల థీసిస్‌లో ఆయన అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. "ఆ గుడ్డ నూలుదా అమ్మా, గోనెదా?"

తన రాతని ఇంత శ్రద్ధగా చదివినవాడు దొరికాడని ఆమె పొంగిపోయింది. "నూలుదేనండీ" అంది. ఆయన చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. ఆయన వెళ్ళాక గదిలో ఆమెకెందుకో చలేసింది. ఫ్యాను తగ్గించుకుంది.

డాక్టరేట్ వచ్చిన మర్నాడే ఆమె, పరిశోధనల మంచిచెడ్డలు చూసే ఎథిక్స్ కమిటీ ఆఫీసుకి వెళ్ళింది. మాట్లాడినవాళ్ళ రహస్యం కాపాడాలి కాబట్టి పని అయ్యాక రికార్డింగులు, నోట్సు నాశనం చెయ్యాలి. అది రూలు. పదిహేడు రికార్డింగులూ గుమాస్తా ఎదురుగా చెరిపేసింది. నోట్‌బుక్కులు ముక్కలు చేసే మెషీన్లో వేసింది.

"ఇంత బుద్ధిగా ఎవరూ రారమ్మా. అందరి వెనకా నేనే తిరగాలి" అంటూ గుమాస్తా సర్టిఫికెట్ మీద ముద్ర గుద్దాడు. ఆమెకి మనసు తేలికపడింది. మాట నిలబెట్టుకున్నాననుకుంది.

ఏడాదిన్నర తర్వాత ఒక మధ్యాహ్నం బాబాయ్ డిపార్ట్‌మెంట్‌కి వచ్చాడు. చేతిలో పొడుగాటి కవరు.

"కళ్ళజోడు మర్చిపోయానే. ఏంటో లాయరు నోటీసట, చదువు."

మీరు వాడుతున్న పద్ధతి మా పంపుల కంపెనీ పేటెంటు, పదిహేను రోజుల్లో తయారీ ఆపండి అని ఉంది. కింద పేటెంటు నకలు జతచేశారు. మూడో పేరాలో 'నిద్ర దశ' అన్న మాట దగ్గర ఆమె చదవడం ఆపేసింది. ఆ మాట బాబాయ్‌ది. తర్వాత నూలు గుడ్డ. దరఖాస్తు తేదీ చూసింది. థీసిస్ లైబ్రరీకి చేరి నలుగురికీ తెలియడానికి తొమ్మిది రోజుల ముందు.

"ఇప్పుడే వస్తా బాబాయ్" అని గైడు గదికి పరిగెత్తింది.

ఆయన నకలు తిరగేసి, కిటికీ వైపు చూస్తూ మాట్లాడాడు. "కంపెనీ నీ దగ్గర్నుంచి తీసుకుంది. విషయమంతా నాదేనని నువ్వు సంతకం పెట్టావు. మీ బాబాయ్‌ది అనడానికి ఆయనే నీకు ముందు చెప్పాడనే సాక్ష్యం ఏదైనా ఉండాలి. రికార్డింగ్..." అని ఆగాడు. రికార్డింగులు చెరిపేసినట్టిచ్చిన సర్టిఫికెట్ మీద ఆయన సంతకమూ ఉంది.

"సరే, అది అలా ఉంచు. కంపెనీ కొత్త ప్రాజెక్టు ఇచ్చింది. ఈసారి నలభై వర్క్‌షాపులు. ప్రత్యేకంగా నువ్వే కావాలన్నారు."

మెట్లు దిగుతుంటే ఆమెకి నలభై తలుపులకి లోపల్నుంచి గడియ పడుతున్న చప్పుడు వినిపించినట్టయింది.

బాబాయ్ ఆమె కుర్చీలో కూర్చుని, జేబులోంచి తీసిన రింగుని వేళ్ళ మధ్య తిప్పుతున్నాడు. మొహంలో బెంగ లేదు.

"నాకో ఉపాయం తట్టిందే. ఆ రోజు నా మాటలు రికార్డు చేశావుగా, తేదీతో సహా. నా గొంతు వాళ్ళకి వినిపిస్తే నోళ్ళు మూతపడవూ?"

ఆమె సొరుగు లాగి సర్టిఫికెట్ తీసి ఆయన చేతిలో పెట్టింది. నోటితో చెప్పే ధైర్యం లేకపోయింది. ఆయన దాన్ని వెలుతురులో ఎత్తిపట్టుకుని, గుండ్రటి ముద్రని బొటనవేలితో తడిమాడు.

"ముద్ర కూడా ఉంది. ఇంకేం, ఇది చాలు" అంటూ మడతపెట్టి జేబులో పెట్టుకోబోయాడు. మళ్ళీ ఆగాడు. "ఇందులో ఏం రాశారో ఒకసారి చదువు, వింటాను."

ఆమె చదివింది. యూనిట్ పదిహేడుకి చెందిన ధ్వనిముద్రణ, చేతిరాత నోట్సు నకళ్ళతో సహా నా కళ్ళెదుటే పూర్తిగా నాశనం చేయడమైనది. కింద తేదీ చదివింది, తన పేరూ చదివింది.

బాబాయ్ లేచి, కుర్చీని బల్లకిందకి జరిపి, రింగుని థీసిస్ మీద పెట్టాడు.

"ఇది మీ దగ్గరే ఉంచుకోండి మేడమ్. నేనింక చెయ్యకూడదటగా" అన్నాడు.