నీళ్ళు వేడెక్కేటప్పుడు

"నా రబ్బరు చెప్పులు మళ్ళీ మీరే తొడుక్కున్నారా అత్తయ్యా?"

కిటికీ కింద టమాటా కుండీలకి నీళ్ళు పోస్తున్న గినా వెనక్కి తిరగలేదు. "తొడుక్కుంటే అరిగిపోతాయా? పైన గచ్చు తుడవడానికి మహారాణిగారికి జోడు కావాలి కాబోలు!"

"ఆ గిన్నెలు కడిగే మిషను ముట్టుకుంటే కరెంటు కొడుతోంది."

"అయితే కట్టుకున్నవాడికి చెప్పు. ఊళ్ళో అందరి మిషన్లూ బాగుచేస్తాడుగా" అంటూ గినా చెప్పులు విదిలించి, బురదకాళ్ళతో లోపలికి నడిచింది.

తడి చెప్పుల్ని గుడ్డతో తుడుచుకుని నెవెన మళ్ళీ మెట్లెక్కింది. సముద్రం ఒడ్డునున్న బుర్గాస్‌లో వేసవి శనివారాలన్నీ ఇంతే. సెలవులకి వచ్చి దిగినవాళ్ళలో పొద్దున్న పాతవాళ్ళు ఖాళీ చేస్తారు, మధ్యాహ్నానికి కొత్తవాళ్ళు దిగుతారు. మధ్యలో మూడో అంతస్తులోని వాటాలన్నీ ఒక్క మనిషి కడగాలి. ఆ వాటాలు ఇంటి యజమాని కంబురోవ్‌వి. కింద వీళ్ళుంటున్న రెండు గదులూ అతనివే. నెవెన ఇళ్ళు శుభ్రం చేస్తుంది, మొగుడు రంగెల్ మిషన్లు చూస్తాడు, అద్దె ఉండదు. కాగితమూ లేదు. "పని చేస్తున్నన్నాళ్ళూ ఉండండి" అన్నాడు కంబురోవ్ చేరిన రోజున. ఆ మాట మీదే ఇన్నాళ్ళూ నిద్రపోతున్నారు.

పైన ఒక వాటా వంటింట్లో రంగెల్ మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. మిషను అడుగు రేకు విప్పి పక్కన పెట్టాడు. నీళ్ళు వేడిచేసే కడ్డీ తీగలు ఊడదీసి మిషను తిప్పాడు. మిషను పైరేకుకి మీటరు ఆనించి చూస్తే ఏమీ లేదు. తీగలు మళ్ళీ తగిలించి తిప్పాడు. నీళ్ళు వేడెక్కడం మొదలవగానే మీటరు ముల్లు లేచింది.

"కడ్డీ పోయింది. కరెంటు పైరేకులోకి కారుతోంది" అన్నాడు.

"పోయినేడు కూడా ఇదే అన్నావు."

"అప్పుడు కొంచెం కారేది."

పోయినేడు కొత్త కడ్డీ తెమ్మంటే, సీజన్ అయ్యాక చూద్దామన్నాడు కంబురోవ్. కరెంటు కారినప్పుడల్లా ట్రిప్ స్విచ్చి పడిపోతోందని, ప్లగ్గులో ఎర్తు తీగ తీసెయ్యమన్నాడు. రంగెల్ తీసేశాడు. స్విచ్చి పడటం మానేసింది. ఇప్పుడు తడి కాళ్ళతో ఎవరైనా మిషను తలుపు పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది, అప్పుడు స్విచ్చి పడుతుంది. వాటా అంతా చీకటైపోతోందని దిగినవాళ్ళు ఫిర్యాదు చేస్తున్నారు.

రంగెల్ కంబురోవ్‌కి ఫోను కలిపి గచ్చు మీద పెట్టి, స్పీకరు నొక్కాడు.

"కడ్డీ ఊడదీసి ఉంచేస్తానండీ. చల్లనీళ్ళతో నడుస్తుంది" అన్నాడు.

"చల్లనీళ్ళకి జిడ్డు పోతుందా మేస్త్రీ? ప్లేట్లకి జిడ్డని నెట్‌లో రాసేస్తారు, నా పరువు పోతుంది" అన్నాడు కంబురోవ్. "ఆ స్విచ్చేగా గోలంతా. దాన్ని పక్కనపెట్టి తీగలు సూటిగా కలిపెయ్."

"మనిషికి తగిలితే ఆపేది అదొక్కటేనండీ."

"మా తాత కట్టిన ఇంట్లో ఎర్తూ లేదు, స్విచ్చీ లేదు. తొంభై ఏళ్ళు బతికాడు. నీకు చేతకాకపోతే చెప్పు, కింద గదుల్లో దిగడానికి ఇంకో మేస్త్రీ రెడీగా ఉన్నాడు."

 రంగెల్ నడవాలో స్టూలెక్కి కరెంటు బోర్డు మూత తీశాడు. నెవెన స్టూలు పట్టుకుంది. అది అలవాటు. స్విచ్చి ఊడి వచ్చింది. తీగలు కలిపి, టేపు చుట్టి, మూత బిగించాడు.

"చెప్పులు మాత్రం విడవకు" అన్నాడు కిందికి దిగుతూ.

"ఊఁ" అంది నెవెన.

ఆ వాటాలో కొత్తవాళ్ళు సామాను దించీ దించగానే సముద్రానికి పోయారు. సాయంత్రం నెవెన తువ్వాళ్ళు ఇవ్వడానికి వెళ్ళేసరికి అప్పుడే తిరిగి వచ్చారు. సముద్రం నుంచి వచ్చేవాళ్ళు చెప్పులు మెట్ల దగ్గరే వదిలేస్తారు, ఇసుక పడకుండా. నడవా పొడుగునా తడి పాదాల గుర్తులు. వంటింట్లో మిషను గురగురమంటోంది. ఆరేడేళ్ళ పిల్ల, ఒంటిమీద నీళ్ళు కారుతుండగా, ఖాళీ గ్లాసు పట్టుకుని మిషను తలుపు మీదికి చెయ్యి చాచింది.

నెవెన తువ్వాళ్ళు వదిలేసి పిల్లని జబ్బ పట్టుకుని లాగింది. గ్లాసు పగిలింది. పిల్ల ఏడుపు లంకించుకుంది.

"ఏంటమ్మా, పిల్లని అలా లాగుతావు?" అంటూ తల్లి పరుగెత్తుకొచ్చింది.

"కరెంటు కొడుతుందండీ. ముట్టుకోకండి. గిన్నెలు నేనే వచ్చి కడిగి పెడతాను."

"కొడుతుందని తెలిసే మాకు ఇచ్చారా?"

 నెవెన గోడ దగ్గర ప్లగ్గు పీకింది. సొరుగులోంచి కత్తెర తీసి, తీగని మిషను మొదలుకంటా కత్తిరించింది.  తర్వాత గాజుముక్కలు ఊడ్చింది.

చీకటి పడకముందే ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. చిక్కుడుగింజల పులుసు, రొట్టె, కాల్చిన మిరపకాయలు.

"కంబురోవ్ ఫోన్ చేశాడు" అన్నాడు రంగెల్ రొట్టె తుంచుతూ. "మిషను ఆగిందట. తినేసి వెళ్ళి చూసొస్తా."

"నేనే ఆపాను. తీగ కోసేశాను" అంది నెవెన. "ఆ మిషను ఇంక నడవదు. నడిపితే నేను మెట్ల మీద నిలబడి, వచ్చినవాళ్ళందరికీ చెప్తాను. కంబురోవ్‌కి రేపు నేనే చెప్తాను."

గినా చెంచా దించింది. "ఓసి నీ తెలివి తెల్లారిపోను! మనల్ని పొమ్మంటే?"

"పొమ్మంటాడు."

రంగెల్ పులుసు కేసి చూస్తున్నాడు. "ఎక్కడ కోశావు?"

"మొదట్లో."

"అతకడం పెద్ద పనేం కాదు."

"తెలుసు. నువ్వు అతకగలవు. అందుకే నీ ఎదురుగా చెప్తున్నా."

 వీధిలో ఎవరో కారులోంచి సామాను దించుతున్నారు.

"అతకను" అన్నాడు రంగెల్. ఆ మాట తనదేనా అన్నట్టు ఇంకోసారి అన్నాడు, మెల్లిగా. "అతకనులే."

గినా కొడుకుని చూసింది, కోడల్ని చూసింది. తిట్టలేదు. కుర్చీలో వెనక్కి తిరిగి, పక్కగది గుమ్మాన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"నా ఇనప మంచం నిలబెడితే ఈ గుమ్మంలోంచి బయటికి వస్తుందంటారా?" అంది.