చివరి గ్లాసు మర్డోది

రోనా ముందుగదిలో బల్ల ఒక్కటే ఉంటుంది. డబ్బిచ్చి తినడానికి వచ్చేవాళ్ళు పూటకి ఒక్క బృందమే. ఎంత గొప్పవాళ్ళు వచ్చినా ఆ బల్ల చుట్టూ కూర్చుని, ఆమె పెట్టింది తిని, పోసింది తాగి, చెప్పింది వినాలి. మధ్యలో ఫోను తీశారా, వాళ్ళ పని అయిందే. స్కాట్లండ్‌లో స్పే నది ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊరికి రోనా సాయంత్రం కోసమే లండన్ నుంచి వచ్చేవాళ్ళున్నారు.

మొదట్లో అది ఇద్దరి సాయంత్రం. వంట, వైన్ రోనావి. విస్కీ ఆమె భర్త మర్డోది. మర్డో కొండ కింద విస్కీ కాచే డిస్టిలరీలో పీపాల గిడ్డంగి చూసేవాడు. మామూలుగా పది మాటలకి ఒక మాట మాట్లాడే మనిషి. చేతిలో గ్లాసు పడితే మాత్రం ఎదుటివాణ్ణి వదిలేవాడు కాడు. అతిథి వాసన చూసి "తేనె" అంటే "ఇంకా?" అనేవాడు. "మాగిన పియర్ పండు" అంటే మళ్ళీ "ఇంకా?" అనేవాడు. అలా తవ్వగా తవ్వగా ఎప్పటికో ఆ అతిథి కళ్ళు మూసుకుని "మా తాతయ్య కోటు" అనో, "మా పిన్ని వంటిల్లు" అనో అనేవాడు. అప్పుడు మర్డో బల్ల చరిచి, "అదీ. ఇప్పుడు చూశారు వాసన" అనేవాడు. చివర్లో ఒక మనిషి తగలకపోతే అతని లెక్కలో ఆ గ్లాసు పూర్తయినట్టు కాదు. ఆ బల్ల దగ్గర అతను పెట్టిన నియమం కూడా ఒక్కటే. గ్లాసులో ఉన్నదాని గురించి అబద్ధం ఆడకూడదు. బాగాలేకపోతే బాగాలేదనాలి, అది ఎవరు పోసిందైనా సరే.

కూతురు కాట్రియోనాకి పద్నాలుగేళ్ళప్పుడు అతనికి ఊపిరితిత్తుల జబ్బు చేసింది. బతకనని అతనికి డాక్టర్ల కన్నా ముందే తెలిసింది. ఒకరోజు ఆయాసపడుతూనే గిడ్డంగికి వెళ్ళి, కూతురు పుట్టిన ఏడు నింపిన పీపాలోంచి తన చేత్తో ఒక్క సీసా నింపి తెచ్చాడు. దానిమీద 'కాట్రియోనా పెళ్ళి ముందురోజు' అని సిరాతో రాశాడు.

"ఆ సాయంత్రం వంట నీది, వైన్ నీది," అన్నాడు రోనాతో. "చివరి గ్లాసు నాది. నా వంతుకి నేనొస్తాను."

పక్కనే ఉన్న కాట్రియోనా విన్నది. ఆ మాటనే పట్టుకుని పెరిగింది. మర్డో పోయిన మరుసటేడు డిస్టిలరీ మూసేశారు. పీపాలు ఎవరో కొనుక్కుపోయారు. ఇక మర్డో నింపిన పీపాలోదంటూ మిగిలింది ఆ ఒక్క సీసానే.

సమాధి చేసి వచ్చిన సాయంత్రం రోనా ఆ సీసాని అరలో చూడలేకపోయింది. అతని బూడిదరంగు స్వెటర్‌లో చుట్టి, పైగదిలో అతని బట్టల సొరుగులో పెట్టి, పైన చేత్తో నిమిరింది. ఆ చలికాలమంతా రోజూ వెళ్ళి సొరుగు తెరిచేది. స్వెటర్‌లో ముఖం పెట్టుకునేది. సబ్బు, పొగాకు, గిడ్డంగి చెమ్మ, అన్నీ కలిసి మర్డో వాసన వచ్చేది. కాట్రియోనా ఒకసారి ఆ స్వెటర్ అడిగింది. ఇవ్వలేదు. ఇంకోసారి సీసా ఒక్కసారి చూస్తానంది. "పెళ్ళినాడు చూద్దువుగాని" అని కసిరింది. తర్వాత ఆ గదిలో పడుకోవడమే తనవల్ల కాక, సొరుగుకి తాళం వేసి, కింద చిన్నగదిలోకి మంచం మార్చుకుంది. ఏళ్ళు గడిచిపోయాయి.

ఇప్పుడు తెల్లవారితే కాట్రియోనా పెళ్ళి. పెళ్ళికొడుకు ఈవన్ ముందురోజు పెళ్ళికూతురి మొహం చూడకూడదని స్నేహితులతో తిరుగుతున్నాడు. అతని తల్లిదండ్రులు ఆర్చీ, జింటీ మాత్రం రోనా బల్ల దగ్గర కూర్చున్నారు. ఆర్చీ బకీ రేవులో చేపల పడవ నడిపిన మనిషి. జింటీ గ్లాస్గోలో పుట్టింది, ఆమె నోటికి అడ్డూ ఆపూ లేదు. నాలుగు కుర్చీలు కాక ఐదో కుర్చీ కూడా వేసి ఉంది. దాని ముందు పళ్ళెం లేదు, గ్లాసు ఒక్కటే ఉంది. ఆ కుర్చీ వేసింది కాట్రియోనా.

రోనా ముందు పొగబెట్టిన హ్యాడక్ చేప, బంగాళదుంప, పాలు వేసి కాచిన సూప్ పెట్టింది. దాంతో చల్లటి తెల్ల వైన్ పోసింది.

ఆర్చీ ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. "ఈ చేప నాకు తెలుసు," అన్నాడు.

"తెలియకేం, పేరు పెట్టి పిలువు, పలుకుతుంది," అంది జింటీ. "నలభై ఏళ్ళుగా ఇదే మాట రోనా. హోటల్‌కి తీసుకెళ్ళడానికి సిగ్గేస్తుంది నాకు."

కాట్రియోనా పగలబడి నవ్వింది. ఆ నవ్వు చూసి రోనాకి కడుపు నిండిపోయింది. ఇదిగో, ఇలాంటి ఇంట్లో పడుతోంది పిల్ల, మర్డో ఉంటే ఎంత మురిసిపోయేవాడో అనుకుంది. ఓట్స్ పిండి, గొర్రె గుండె, కార్జం పొట్టతిత్తిలో కూరి ఉడికించిన హ్యాగిస్ తెచ్చి, వేడి పొగలు కక్కుతుండగా కోసింది. పక్కన మెదిపిన టర్నిప్ పెట్టింది. ఆ సాయంత్రం ఎంత చక్కగా సాగుతోందంటే, ఆమెకి భయమన్నదే గుర్తులేదు.

ఆర్చీ కుర్చీలో వెనక్కి వాలి గోడవంక చూశాడు. ఎడమవైపు అరల్లో వైన్ సీసాలు అడ్డంగా పడుకుని ఉన్నాయి. కుడివైపు విస్కీ సీసాలు నిటారుగా ఉన్నాయి.

"ఇదేం చోద్యం రోనమ్మా? విస్కీలన్నీ బుద్ధిగా నిలబడ్డాయి, వైన్లన్నీ పడిపోయాయి. ఇంతకీ తాగిందెవరు?"

అందరూ నవ్వారు. రోనా కూడా నవ్వుతూనే, వచ్చిన ప్రతి బృందానికీ చెప్పే మాట అందుకుంది.

"వైన్ పడుకుంటుంది, విస్కీ నిలబడుతుంది ఆర్చీ. వైన్‌కి బిరడా తడిగా ఉండాలి, అందుకని పడుకోబెడతాం. విస్కీ అలా కాదు. అది ఘాటు సరుకు. బిరడాకి తగులుతూ ఉంటే దాన్ని తినేస్తుంది. ఏళ్ళ తరబడి పడుకోబెట్టామంటే బిరడా నాని, పొడిపొడై, సీసా అంతా..."

అక్కడ ఆగిపోయింది. 

ఈ ముక్క ఆమె వందలమందికి చెప్పింది. జర్మన్లకి చెప్పింది, జపాను వాళ్ళకి చెప్పింది, వినని వాళ్ళకి రెండుసార్లు చెప్పింది. ఒక్కనాడైనా పైగది సొరుగు గుర్తుకి రాలేదు. ఇక్కడ ఎవరైనా ఆమెని తిట్టుకుంటే తిట్టుకోవచ్చు, తప్పు లేదు. కానీ ఆమెకి అది విస్కీ సీసా అయితే కదా గుర్తుకు రావడానికి. ఆ రోజు ఆమె సొరుగులో పడుకోబెట్టింది మర్డోని. మనిషిని ఎవరైనా నిలబెట్టి నిద్రపుచ్చుతారా?

"సీసా అంతా ఏమవుతుందమ్మా?" అంది కాట్రియోనా నవ్వుతూ. ఆ పిల్లకి ఈ మాటలు కంఠతా వచ్చు.

"పాడవుతుంది," అంది రోనా. "పొయ్యి మీద మాంసం ఉంది, చూసొస్తా."

వంటింట్లోకి వెళ్ళింది. జింకమాంసం దింపబోయి వేలు కాల్చుకుంది. పాడయ్యుండదులే అనుకుంది. బిరడా గట్టిదేమో, స్వెటర్ గట్టిగా చుట్టింది కదా, అలా ఏవేవో అనుకుంది. అవన్నీ వట్టి మాటలని ఆమెకి తెలుసు. పైకెళ్ళి చూసేదాకా పాడైనట్టు కాదని, ఆ ఒక్క ఆశ మీద భోజనాన్ని సాగదీయడం మొదలుపెట్టింది. మాంసం రెండోసారి వడ్డించింది. ఎర్ర వైన్ ఏ తోటలోదో, ఆ తోట యజమాని అత్తగారు ఎలాంటిదో కూడా చెప్పింది. రాస్ప్‌బెర్రీలు, మీగడ, వేయించిన ఓట్స్ కలిపిన తీపి తెచ్చి, తిన్నవాళ్ళకి మళ్ళీ పెట్టింది.

"చాలు రోనా, మీకు పుణ్యముంటుంది," అంది జింటీ. "రేపు చర్చిలో నా గౌను గుండీలు తెగి పెళ్ళికొడుకు కంట్లో పడతాయి."

కాట్రియోనా చెంచా పక్కన పెట్టింది. లేచి ఐదో కుర్చీ ముందున్న గ్లాసుని ఇంకొకసారి తుడిచింది. 

"అమ్మా, ఇంక నాన్న వంతు," అంది.

రోనా మెట్లెక్కింది. జూన్ నెల కదా, పైగదిలో ఇంకా బోలెడంత వెలుతురు ఉంది. తాళం తీసి సొరుగు లాగగానే గుప్పుమంది వాసన. చూడనక్కర్లేకుండానే అర్థమైపోయింది. స్వెటర్ మరకలు కట్టి బిగుసుకుపోయింది. విప్పితే సీసాలో అడుగున నాలుగు వేళ్ళ ఎత్తు మిగిలింది, అది కూడా మబ్బుగా ఉంది, బిరడా ముక్కలు తేలుతున్నాయి. లేబుల్ మీద మర్డో సిరా కారిపోయింది. 'కాట్రియోనా' అన్న పేరులో సగం పోయింది.  ఏడుద్దామంటే రోనాకి ఏడుపు కూడా రాలేదు.

మెట్ల పక్క అరలో ఆ మూసేసిన డిస్టిలరీ సీసాలే ఇంకో రెండున్నాయి. ఎప్పుడో అంగడిలో కొని దాచినవి. రోనా ఒకటి తీసి వెలుతురులో పట్టుకుంది. రంగు కలిసిపోతుంది. మర్డో సీసా కడిగి ఇది నింపితే ఎవరికి తెలుస్తుంది? ఆర్చీకి తెలియదు, జింటీకి తెలియదు. కాట్రియోనా అసలుది ఏనాడు రుచి చూసిందని తెలియడానికి? పిల్ల కళ్ళు మూసుకుని "నాన్న" అంటుంది. జన్మంతా అదే అనుకుని బతుకుతుంది. మూత తిప్పబోయింది కూడా. కానీ ఆ బల్ల దగ్గర, ఆ కుర్చీ ముందు, మర్డో పేరు చెప్పి అబద్ధం పోయడానికి ఆమెకి చేతులు రాలేదు. ఆ సీసా అక్కడే పెట్టేసి, పాడైనదాన్నీ స్వెటర్‌నీ పట్టుకుని కిందికి దిగింది.

కాట్రియోనా నవ్వుతూ చేతులు చాచింది. సీసా చూడగానే ఆ చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

"పడుకోబెట్టాను," అంది రోనా. "సొరుగులో. నా చేతులు పడిపోను, నేనే పడుకోబెట్టాను తల్లీ."

 జింటీ చెంచా కింద పెట్టేసింది.

"పదేళ్ళు," అంది కాట్రియోనా. గొంతు పెంచలేదు. "దారిన పోయేవాళ్ళందరికీ చెప్పావే. ఒక్కసారి నన్ను చూడనిచ్చి ఉంటే నేను నిలబెట్టేదాన్ని కదమ్మా. పదిహేనేళ్ళప్పుడే అడిగాను. స్వెటర్ అడిగాను, ఇవ్వలేదు. నాన్న నీ ఒక్కదానికే పోయాడనుకున్నావు."

రోనా సీసాని బల్ల మీద నిలబెట్టి, స్వెటర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. 

కాట్రియోనా లేచి పలుచటి గుడ్డ తెచ్చి, ఆ మిగిలినదాన్ని వడకట్టింది. ముందు ఐదో కుర్చీ గ్లాసులో పోసింది. తర్వాత తక్కిన నాలుగింటిలో తలా రెండు చుక్కలు పోసింది. తండ్రి చేసినట్టే గ్లాసు తిప్పి, వాసన చూసి, నాలుక మీద వేసుకుంది.

ఆర్చీ తన గ్లాసు గుటుక్కున మింగాడు. పాపం, మంచి మనిషి. "బాగానే ఉందమ్మా," అన్నాడు. "నిజంగా. బాగానే ఉంది."

"లేదు మామయ్యా," అంది కాట్రియోనా. "ఈ బల్ల దగ్గర అలా అనకూడదు. తడిసిన అట్టముక్క వాసన వస్తోంది. ఇందులో నాన్న లేడు."

గ్లాసు దించి, తల్లి ఒళ్ళో ఉన్న స్వెటర్ అందుకుంది. అడగలేదు, తీసేసుకుంది. మడత విప్పి ముఖానికి ఆనించుకుంది. ముఖం తీసేసరికి ఆమె కళ్ళల్లో కోపం లేదు. స్వెటర్ మళ్ళీ తల్లి చేతిలో పెట్టింది.

"నాన్న వాసన నాకు తెలియట్లేదు. నువ్వు చూడు," అంది.

రోనా ఆ బిగుసుకుపోయిన ఉన్నిలో ముఖం పెట్టుకుంది.

"తేనె," అంది.

"ఇంకా?"

అచ్చం మర్డో అన్నట్టే ఉంది. జింటీ భర్త చెయ్యి పట్టుకుంది.

"మాడిన చక్కెర. ఓక్ చెక్క."

"ఇంకా?"

రోనా మళ్ళీ ముఖం పెట్టి గుండెల నిండా పీల్చింది. సబ్బు కోసం వెతికింది, పొగాకు కోసం వెతికింది, మెడ దగ్గర వెతికింది, చేతుల చివర వెతికింది. మంచి విస్కీ వాసన వస్తోంది. ఎవరైనా డబ్బిచ్చి వచ్చి మెచ్చుకునే వాసన. ఏళ్ళ తరబడి ఆ స్వెటర్‌లో దాక్కున్న మనిషిని అది పూర్తిగా కడిగేసింది.

"ఇంకా, అమ్మా?" కాట్రియోనా గొంతు చిన్నపిల్ల బతిమాలినట్టు వచ్చింది. "సరిగ్గా చూడు. ఇంకా?"

ఒక్క మాట అంటే చాలు, పిల్ల పెళ్ళి ముందురోజు నిద్రపోతుంది. రోనా ఆ మాట అనడానికే నోరు తెరిచింది. ఎదురుగా ఐదో గ్లాసు అలాగే ఉంది.

"ఇంకేం లేదు తల్లీ," అంది.