పలచటి టీవీలో పళ్ళెం నాట్యం

గుడివాడ బ్యాంకులో పనిచేసే ఫణీంద్రకు కొత్త టీవీ కొనాలని మనసు పుట్టిన దగ్గర్నుంచి మొవ్వలోని వాళ్ళింట్లో వేరే మాట లేదు. పెద్ద తెరల టీవీలు ఊళ్ళల్లోకి అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. పుస్తకమంత మందం కూడా లేని ప్లాస్మా టీవీ ఒకటి బందరు షాపులోకి వచ్చిందని విని, ఆదివారం పొద్దున్నే భార్యను వెంటబెట్టుకుని బయల్దేరాడు.

భార్య లక్ష్మీప్రసన్న ఇంట్లోనే పిల్లలకు కూచిపూడి నేర్పుతుంది. వెళ్ళేముందు తన నాట్యం డిస్కు ఒకటి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

షాపులో ప్లాస్మా టీవీని పక్కనుంచీ వెనకనుంచీ చూసి ఫణీంద్ర మురిసిపోయాడు. ముందుకొచ్చి బొమ్మ చూసేసరికి మొహం వాడిపోయింది.

"ఇది డల్లుగా ఉందేంటండీ? ఆ పక్క ఎల్‌సీడీ చూడండి, ధగధగలాడిపోతోంది."

"షాపులో ఇన్ని లైట్ల కింద అలాగే ఉంటుంది సార్. మీ ఇంట్లో ఇన్ని వెయ్యరు కదా" అన్నాడు షాపు యజమాని రాజబాబు.

ప్రసన్న డిస్కు తీసి ఇచ్చింది. "లైట్లు ఆర్పించి, రెండింట్లోనూ ఇది వెయ్యండి."

మోపిదేవిలో ఆమె చేసిన నాట్యం అది. ఇత్తడి పళ్ళెం అంచున నిలబడి ముందుకూ వెనక్కూ జరుగుతోంది. తాళం వేగం అందుకునేసరికి ఎల్‌సీడీలో పాదాలు తడిసిన సిరాలా అలుక్కుపోయాయి. ప్లాస్మాలో మాత్రం ఒక్కో వేలూ విడివిడిగా కనిపిస్తోంది. చీకట్లో నల్లజడ కూడా పాయలు పాయలుగా తెలుస్తోంది.

"ఆగాగు! పళ్ళెం అంచును వేళ్ళతో పట్టుకుంటావా ప్రసన్నా?" అన్నాడు ఫణీంద్ర.

"ఇన్నేళ్ళూ వీడియోలు తీసింది మీరేగా!"

"తీశాను గానీ, ఫోకస్ చూసుకోవడంతోనే సరిపోయేది."

షాపులో వాళ్ళంతా ఘొల్లున నవ్వారు. "ఇంట్లో పెట్టి చూడండి సార్, నచ్చకపోతే వెనక్కి తెచ్చేసుకుంటాను" అన్నాడు రాజబాబు.

ఆ మధ్యాహ్నమే మినీ వ్యానులో తనే దగ్గరుండి తెచ్చాడు. పలచగా ఉంది కదా అని ఒక్కడే ఎత్తబోయిన ఫణీంద్రకు నడుం పట్టేసింది. ఎలాగో కిటికీకి ఎదురుగా బల్లమీద నిలబెట్టి ఆన్ చేశారు. తెరలో సినిమా కన్నా పెరట్లో జామచెట్టు, ఆరేసిన చీరలు బాగా కనిపించాయి.

"ఇది టీవీయా, నిలువుటద్దమా?" అని ఫణీంద్ర నీరుగారిపోయాడు.

అప్పుడే నాట్యం క్లాసుకు పిల్లలొచ్చారు. వాళ్ళలో పెద్దదైన తనూజ తెరముందు నిలబడి పువ్వులు సర్దుకుంది. మిగతావాళ్ళు వరసగా నిలబడి ముద్రలు పట్టి చూసుకోసాగారు.

"వ్యానెక్కించెయ్యండి రాజబాబుగారూ" అన్నాడు ఫణీంద్ర.

"ఉండండి" అంది ప్రసన్న. కిటికీ వంకా తెర వంకా మార్చి మార్చి చూసింది. "దీన్ని కిటికీ ఉన్న గోడ వైపే పెడితే వెలుతురు దీని వెనకుంటుంది కదా!"

తలో చెయ్యీ వేసి బల్లను అటు జరిపారు. తనూజ కర్టెన్లు లాగింది. తెరమీది జామచెట్టు మాయమైంది.

ప్రసన్న మళ్ళీ డిస్కు వేసింది. పిల్లలతోపాటు ఫణీంద్ర కూడా నేలమీద చతికిలబడ్డాడు. కాసేపటికి తెలియకుండానే మోకాలిమీద తాళం వెయ్యడం మొదలుపెట్టాడు.

"అలా కాదు బాబాయ్‌గారూ, మీరు ముందే కొట్టేస్తున్నారు" అని తనూజ చెయ్యి పట్టుకుని సరిచేసింది.

నాట్యం అయిపోయింది. ఫణీంద్ర భార్య వైపు తిరిగాడు. "ఇంత కష్టమైన పని చేస్తున్నావని నాకు తెలీదు ప్రసన్నా."

ప్రసన్న మొహం ఎర్రబడింది. "పిల్లలున్నారండీ" అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"అయితే సార్, టీవీ తీసుకెళ్ళమంటారా?" అన్నాడు రాజబాబు నవ్వుతూ.

"మీరు కాఫీ తాగి వెళ్ళండి. అది ఇక్కడే ఉంటుంది."

ఆ టీవీ ఎక్కువసేపు నడిస్తే గది వేడెక్కుతుందని తర్వాత తెలిసింది. ఫ్యాను పెంచుకున్నారే గానీ ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఆదివారం క్లాసులో ఇప్పుడు వెనక వరసలో ఫణీంద్ర కూడా కూర్చుంటున్నాడు. తాళం తప్పితే పిల్లలు నవ్వుతారు. ఆయన కూడా నవ్వి, మొదటినుంచీ మళ్ళీ అందుకుంటాడు.