గీత మీది బండ్లు

సంయుక్త లెక్క తప్పిందని ఆ ఆఫీసులో ఇంతవరకూ ఎవరూ అనలేదు. అందుకే సోమవారం మధ్యాహ్నం రెండింటికి, చొక్కా నిండా తెల్లరంగు మరకలతో మొగిలి వచ్చి ఆ మాట అనేసరికి ఆమెకు ఒళ్ళు మండింది.

మొగిలిది చందానగర్. రోడ్ల మీద తెల్లగీతలు వేసే పన్నెండు మందికి పెద్ద. రాయదుర్గం దగ్గరి రోడ్డుకు రెండు వైపులా గీతలు వేసింది వాళ్ళే. సంయుక్త పనిచేసే సర్వే సంస్థ, కారు మీద లేజర్ యంత్రం పెట్టి ఆ రోడ్డంతా తిప్పింది. ఆ యంత్రం లక్షల చోట్ల కిరణాలు విసిరి, ఒక్కో చుక్క నుంచి ఎంత వెలుగు తిరిగొచ్చిందో ఒక అంకె వేస్తుంది. గీత బాగుంటే పెద్ద అంకె, వెలిసిపోతే చిన్న అంకె. సగటు నూటనలభై దాటాలని షరతు. వెళ్ళే వైపు దాటింది. వచ్చే వైపు నూటముప్పై ఒకటి దగ్గరే చతికిలబడింది. ఐదింటికి సంయుక్త సంతకంతో నివేదిక వెళ్ళిపోతే ఆ పన్నెండు మందికీ ఇక్కడ పని ఉండదు.

"ఒక్కటే రంగు, ఒక్కటే దినం, అవే చేతులు మేడం. ఒక దిక్కు మంచిగుండి ఇంకో దిక్కు ఎట్ల ఖరాబైతది? జర మల్ల సూడుండ్రి."

"యంత్రానికి మనవాళ్ళూ పరాయివాళ్ళూ ఉండరండి. వచ్చిన అంకే రాశాం."

మొగిలి గొడవ పడలేదు. "అయితే అది ఏం సూసిందో నాకు గుడ సూపెట్టుండ్రి," అన్నాడు.

కాదనడానికి కారణం దొరక్క, సంయుక్త విసుగ్గానే తెర మీద రోడ్డు పరిచింది. వచ్చే వైపు రెండు కిలోమీటర్లను లెక్క కోసం ముందే యాభై మీటర్ల చొప్పున నలభై ముక్కలు చేసి ఉంచింది. మొదటి ముక్కల్లో గీత తెల్లగా మెరుస్తోంది. సిగ్నల్ దగ్గరికొచ్చేసరికి గీత మాయమై, దాని మీద నల్లటి గుట్టలు వరసగా నిలబడ్డాయి.

"ఇవేంటి?" అంది తనలో తను.

"బైకులు మేడం. జామైతే ఇగ గీత మీదికెల్లే గద దూరేది!"

కూకట్‌పల్లి నుంచి రోజూ స్కూటీ మీద ఆ గీత వెంబడే దూరివచ్చే తనకు ఆ సంగతి ఒకరు చెప్పాల్సి వచ్చింది. సంయుక్త ఒక్కో ముక్కలో ఎన్ని చుక్కలున్నాయో చూసింది. బాగున్న ముక్కలో గీత మీద ఆరువేల చుక్కలున్నాయి. బైకులు నిలబడ్డ ఆరు ముక్కల్లో పదిహేనేసి కూడా లేవు, అవీ టైర్ల మీద పడ్డవే. తనేమో ముక్క ముక్కకీ సగటు కట్టి, ఆ నలభై సగటులకు మళ్ళీ సగటు కట్టింది. ఆరువేల చుక్కలు చెప్పినదాన్నీ, పదిహేను చుక్కలు చెప్పినదాన్నీ ఒకే గాటన కట్టేసింది.

టైర్ల చుక్కలు ఏరి పారేసింది. ముక్కల సంగతి వదిలేసి, మిగిలిన రెండు లక్షల పైచిలుకు చుక్కల అంకెలన్నీ కూడి, చుక్కల సంఖ్యతో భాగించింది. అంకె తేలేదాకా మొగిలి కుర్చీలో కూర్చోలేదు, మంచినీళ్ళు ముట్టలేదు.

నూటనలభై ఎనిమిది పాయింట్ రెండు.

రెండోసారి చేసింది. అదే. ప్రాణం లేచొచ్చింది ఆమెకు. వెంటనే వెళ్ళి పైఅధికారి విశ్వేశ్వరరావుకు తప్పు తనదేనని చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి, "సంతకం పెట్టకముందే చూశారు, బతికిపోయామండి," అని కుర్చీలో వెనక్కి వాలాడు.

తిరిగొచ్చి చెబితే మొగిలి రెండు చేతులతో మొహం రుద్దుకుని, అప్పుడు కూర్చున్నాడు. గ్లాసెడు నీళ్ళూ ఒక్క గుక్కలో తాగాడు.

సంయుక్తకు ఇంకో మాట మిగిలింది. సంతోషంగా ఉన్న మనిషితో అనాలంటే నోరు రాలేదు, కానీ మళ్ళీ తప్పు రాయదలుచుకోలేదు. "బస్‌స్టాప్ దగ్గర మూడు ముక్కలు మాత్రం నిజంగానే తక్కువున్నాయండి. నూటపద్దెనిమిది. అక్కడ బైకులేం లేవు."

మొగిలి తెర దగ్గరికి వంగి, ఆ చోటు మీద వేలు పెట్టాడు.

"ఆ దినం ఆడ సినుకులు పడ్డయి మేడం. తడి ఆరకముందే గీసినం. ఎవరికీ ఎరక పడదనుకున్న." కాస్త సిగ్గుగా నవ్వాడు. "గిప్పుడు నమ్మిన మీ మిషన్‌ని. రేపు పొద్దుగాల పోయి ఆ మూడు మల్ల గీస్తం, గది గుడ రాసుకోండ్రి."

సంయుక్త ఆ మాట కూడా నివేదికలో చేర్చి, తేలికపడ్డ మనసుతో సంతకం పెట్టింది.