రేవు దీపం

"బెర్గెన్‌కి మూడు దార్లున్నాయండీ," అంది హాల్డిస్, ఫోనును చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి. చేతులు మంచు గడ్డకట్టకుండా రేవు మెట్ల మీద ఉప్పు చల్లుతున్నాయి. "రేపు పొద్దున ఏడూ ఇరవైకి పడవ, లేదంటే సాయంత్రం ఐదింటికి. రెండు గంటల పది నిమిషాల్లో దింపేస్తుంది. అది వద్దంటే దీవి ఉత్తరపు కొసన ఫెర్రీ ఎక్కి, అవతల బస్సు పట్టుకోవాలి. ఐదు గంటలు. కారుంటే అదే ఫెర్రీ, నాలుగు గంటలు. నా మాట విని పడవెక్కండి."

కుక్కను తేవచ్చా అని అడిగాడు అవతలి మనిషి.

"తేవచ్చు. కరిచేదైతే మూతికి చిక్కం వెయ్యండి. మా కెప్టెన్‌కి పిక్కలు బాగా కండపట్టి ఉంటాయి."

నవ్వకుండానే ఫోను జేబులో వేసుకుంది. అరవై ఆరేళ్ల మనిషి. కురచగా, వెడల్పాటి భుజాలతో ఉంటుంది. తాళ్లు లాగి లాగి అరచేతులు చెక్కబారాయి. తొడుక్కున్న నీలం కోటు తండ్రిది. చేతులు రెండు మడతలు మడిచినా వేళ్ల మీదికి జారుతూనే ఉంటాయి. గ్రోవేయ దీవి రేవు ఆయన తరవాత ఆమె చేతికి వచ్చి ముప్ఫై ఒక్కేళ్లు.

గ్రోవేయలో పడవ ఊరికే ఆగదు. ఎక్కేవాళ్లుంటే స్తంభం మీద దీపం వెలగాలి. దీపం కనబడితే నీళ్లలోకి చొచ్చుకొచ్చిన కొండకొమ్ము దగ్గర పడవ ఇటు మళ్లుతుంది, లేకపోతే తిన్నగా పోతుంది. ఎవరూ లేకుండా దీపం వెలిగిందా, కెప్టెన్ ట్రిగ్వే నెల్లాళ్లు దెప్పుతాడు. అందుకే ఆ మీట ఆమె తప్ప ఎవరూ ముట్టరు. "దీపం ఎక్కేవాళ్లది. మనది కాదు," అనేవాడు తండ్రి.

ఈ రోజు దీపం ఏడింటికే వెలిగించింది. పంతులుగా చేసి మానేసిన ఐలర్ట్ ప్రతి మంగళవారం బెర్గెన్ పట్నం వెళ్తాడు. ఆయనతో పాటు ఆమె కూడా వెళ్లాలి.

నిన్న సాయంత్రం బెర్గెన్ వృద్ధాశ్రమం నుంచి నర్సు ఫోన్ చేసింది. "మీ అన్నయ్యకి ఇంకా తెలివుంది. మిమ్మల్నే అడుగుతున్నారు. రేపు మధ్యాహ్నం దాకా ఉంటారని చెప్పలేం. పొద్దున్నే రండమ్మా."

"వస్తాను," అంది హాల్డిస్. అన్న ఇంగ్వాల్డ్ పదహారో ఏట ఓడల పనికి బెర్గెన్ పోయాడు. ఏటా క్రిస్మస్‌కి రమ్మనేవాడు. ఏటా ఆమె "రేవు ఎవరు చూస్తారు?" అనేది. "ఊళ్లో వాళ్లందరికీ దారి చెప్తావు, నీకు మాత్రం దారి తెలీదే పిచ్చిదానా!" అని నవ్వేవాడు. ఇన్నేళ్లలో ఆమె నాలుగుసార్లు వెళ్లింది. అందులో ఒకసారి పన్ను పీకించుకోవడానికి.

అతని కాళ్లు చల్లబడుతున్నాయని విని పోయిన నెలలో బూడిదరంగు ఉన్ని మేజోళ్లు అల్లింది. వాటిని సంచిలో పెట్టి, సంచి రేవు పక్కన ఎక్కేవాళ్లు కూర్చునే పడవగదిలో బల్ల మీద ఉంచింది. తను లేనప్పుడు రేవు చూసి, పార్సిళ్లు తీసుకోవడానికి పక్కింటి మాగ్న్‌హిల్డ్ ఎనిమిదింటికి వస్తానంది.

ఏడూ పదికి ఫోను మోగింది.

"హాల్డిస్, నేను రావట్లేదు," ఐలర్ట్ దగ్గాడు. "రాత్రంతా ఒకటే దగ్గు."

"తేనె వేసుకుని వేన్నీళ్లు తాగండి, మాస్టారూ. బయటికి రాకండి."

మాట్లాడుతూనే పడవగదిలోకి తొంగిచూసింది. మనిషి లేడు. వెనక్కి చెయ్యి చాపి మీట కిందికి నొక్కింది. దీపం ఆరింది. మిగిలిన ఉప్పు బకెట్టులో సర్ది మూత పెట్టింది.

కొండకొమ్ము చాటు నుంచి పడవ వెలుగులు కనబడ్డాయి. మళ్లలేదు. చీకటి నీళ్ల మీద తిన్నగా దక్షిణానికి సాగింది. ట్రిగ్వేకి అనవసరమైన మలుపు ఒకటి తప్పిందిలే అనుకుంటూ గది తలుపు వెయ్యబోయి ఆగింది. బల్ల మీద తన సంచి ఉంది.

 గబగబా కెప్టెన్‌కి ఫోన్ చేసింది.

"ఏంటక్కా? దీపం లేదు కదా!" అన్నాడు ట్రిగ్వే. ఇంజను రొద మధ్య గొంతు సరిగా వినబడటం లేదు. "ఎవరైనా మిగిలిపోయారా? చెప్పు, తిప్పుతాను. ఇంకా జలసంధి దాటలేదు."

హాల్డిస్ నోరు తెరిచింది. పడవలో నలభై మంది. పనులకి పోయేవాళ్లు, ఆస్పత్రికి పోయేవాళ్లు. తన కోసం వెనక్కి తిప్పమని ఎలా అంటుంది?

"ఎవరూ లేరు," అంది. "పో."

ఎనిమిదింటికి మాగ్న్‌హిల్డ్ వచ్చి, సంగతి విని నెత్తి కొట్టుకుంది. "ఎక్కాల్సినదానివి నువ్వే దీపం ఆర్పేశావా? నీ చేతికి బుద్ధి లేదే, నీ నోటికి అంతకన్నా లేదు! ఎక్కు కారు."

ఉత్తరపు కొసన సముద్రం తెరిచి ఉంటుంది, గాలికి అడ్డు లేదు. ఫెర్రీ రేవు దగ్గర గొలుసు కట్టేశారు. గాలి తగ్గేదాకా కదలదట. ఇద్దరూ కారులో కూర్చున్నారు. హాల్డిస్ సంచి ఒళ్లో పెట్టుకుని, ఫెర్రీ దిగాక బస్సు ఎన్నింటికో, ఎన్నో స్టాపులో దిగాలో పైకే చెప్పుకుంది, ఫోనులో ఎవరికో చెప్తున్నట్టు. మాగ్న్‌హిల్డ్ కాఫీ పోసిచ్చింది. అది చేతిలోనే చల్లారింది.

పదకొండూ పదికి ఫోను మోగింది. తొమ్మిదిన్నరకే పడవ బెర్గెన్ చేరి ఉండాలి.

"ఇప్పుడే వెళ్లిపోయారమ్మా," అంది నర్సు. "పడవ ఎన్నింటికి వస్తుందని రెండుసార్లు అడిగారు. వచ్చేస్తుందని చెప్పాను."

హాల్డిస్ సంచిలోంచి మేజోళ్లు బయటికి తీసింది. "ఆయన కాళ్లు కప్పి ఉంచండి," అంది. "నేను మేజోళ్లు తెస్తున్నాను."

గాలి తగ్గక ఇద్దరూ రేవుకి తిరిగొచ్చేసరికి సాయంత్రం నాలుగు దాటి చీకటి పడింది. మాగ్న్‌హిల్డ్ మధ్యాహ్నం పడవ దించిపోయిన పార్సిళ్లు బండిలో వేసుకుని వెళ్లిపోయింది. హాల్డిస్ మీట పైకి నొక్కి, సంచి పట్టుకుని, దీపం కింద నిలబడింది. కొండకొమ్ము దగ్గర పడవ ఇటు మళ్లింది.

ట్రిగ్వే కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. "ఎవరక్కా ఎక్కేది? ఒక్కళ్లూ కనబడరే!"

"నేను," అంది హాల్డిస్.

అతను ఆమె చేతిలో సంచి చూశాడు, ముఖం చూశాడు. పొద్దుటి ఫోను గుర్తొచ్చినట్టుంది, ఇంకేమీ అడగలేదు. ఎక్కడానికి పలక దించి, తనే కిందికి వచ్చి చెయ్యి అందించాడు.

పడవ వెనకవైపు నిలబడి చూసింది. నీళ్ల మీంచి చూస్తే రేవు అరచేయంత ఉంది. పడవగది తలుపు మూసి ఉంది. దాని పక్కన స్తంభం మీద, ఎక్కేవాళ్లు ఒక్కరూ లేని మెట్ల మీదికి వెలుగు పోస్తూ, దీపం అలాగే వెలుగుతోంది.